పిచ్చింగ్ మాన్పించకండి, చదువు మాననివ్వకండి

ప్రశ్న: డాలస్‌లో ఉంటున్నాం. మా అబ్బాయికి 16 ఏళ్లు. స్కూల్ బేస్‌బాల్ జట్టులో పిచ్చర్, అంటే బ్యాటర్‌కు బంతి విసిరేవాడు. ప్రొఫెషనల్ అవుతానంటూ పుస్తకం ముట్టుకోవడం లేదు. ఇంట్లో ఒకటే టెన్షన్. ఆట మాన్పించమంటారా?

జవాబు: మాన్పించకండి. బలవంతంగా ఆపితే బాబు చదువు మీద కూడా కోపం పెంచుకుంటాడు. ముందు ఇద్దరూ కూర్చుని పాతకాలపు పిచ్చర్ లీ రిచ్‌మండ్ గురించి మాట్లాడుకోండి.

1880 జూన్ 12న వూస్టర్ జట్టు తరఫున ఆడుతూ రిచ్‌మండ్ క్లీవ్‌లాండ్ బ్యాటర్లను ఒక్కరిని కూడా బేస్ (బ్యాటర్ పరుగెత్తి చేరాల్సిన చోటు) చేరనివ్వలేదు. వచ్చిన 27 మందీ వచ్చినట్టే ఔట్. అమెరికా అగ్రశ్రేణి బేస్‌బాల్ అయిన మేజర్ లీగ్‌లో మొట్టమొదటి పర్ఫెక్ట్ గేమ్ అదే. ఒక బంతి రైట్ ఫీల్డ్‌లోకి వెళ్లింది. మామూలుగా అయితే అది హిట్టే. ఫీల్డర్ లాన్ నైట్ దాన్ని అందుకుని నేరుగా ఫస్ట్ బేస్‌కు విసిరి, పరుగెత్తుతున్నవాణ్ణి ఔట్ చేశాడు. వూస్టర్ 1-0తో గెలిచింది. అప్పటికి రిచ్‌మండ్ బ్రౌన్ యూనివర్సిటీలో చివరి ఏడాది విద్యార్థి. ఆ నెలలోనే డిగ్రీ అందుకున్నాడు.

ఆ ఒక్క సీజన్‌లోనే దాదాపు 590 ఇన్నింగ్స్ (మామూలుగా ఒక మ్యాచ్‌కు తొమ్మిది) పిచ్ చేశాడు. ఈ రోజుల్లో 200 చేస్తేనే గొప్ప. తర్వాత మూడేళ్లు ఆడాడు, 1886లో మరికొన్ని మ్యాచ్‌లు, అంతే. అప్పటికి వయసు 29. మొత్తం గెలుపులు 75, ఓటములు 100. అయినా రోడ్డున పడలేదు. మెడిసిన్ చదివి డాక్టరయ్యాడు, ఆ తర్వాత టొలీడోలో ఏళ్ల తరబడి హైస్కూల్ పిల్లలకు పాఠాలు చెప్పాడు. నాకు ఆ పర్ఫెక్ట్ గేమ్ కన్నా ఈ రెండో జీవితమే ఎక్కువ నచ్చుతుంది.

ఇక మీ బాబు సంగతి. చెయ్యి జాగ్రత్త, ఇది చాలా ముఖ్యం. 15-16 ఏళ్ల వాళ్లు రోజుకు 95 పిచ్‌లు (విసిరే బంతులు) దాటకూడదని మేజర్ లీగ్, యూఎస్ఏ బేస్‌బాల్ కలిసి ఇచ్చిన 'పిచ్ స్మార్ట్' సూచనలు చెబుతున్నాయి. 75 దాటితే నాలుగు రోజుల విశ్రాంతి. స్కూల్ జట్టుకీ వీకెండ్ క్లబ్‌కీ ఆడుతుంటే ఆ రెండు లెక్కలూ ఎవరూ కలపరు. ఒక నోట్‌బుక్ పెట్టి మీరే కలపండి.

నాలుగేళ్ల కాలేజీలో చేరినా డ్రాఫ్ట్ (ప్రొఫెషనల్ జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే పద్ధతి) దారి మూసుకుపోదు, మూడో ఏడాది తర్వాత మళ్లీ అవకాశం ఉంటుంది. కానీ కాలేజీ ఆటలను నడిపే ఎన్‌సీఏఏ సంస్థ పై స్థాయి, డివిజన్ వన్‌లో ఆడాలంటే హైస్కూల్‌లో 16 కోర్ కోర్సులు (ముఖ్యమైన చదువు సబ్జెక్టులు), వాటిలో కనీసం 2.3 జీపీఏ ఉండాలి. అంటే చదువు వదిలేస్తే ఆటకూ దెబ్బే. ఈ మాట మీరు చెబితే సాధింపులా వినిపిస్తుంది. కోచ్‌తో చెప్పించండి. ఈ వారమే స్కూల్ కౌన్సెలర్ దగ్గరికి బాబును తీసుకెళ్లి, ఆ 16లో ఎన్ని అయ్యాయో తననే టిక్ పెట్టమనండి.