టెక్ సందేహాలు: ఫోన్ చూపిన వెల, కార్డు అసలు వెల

ప్రశ్న: ఇంజినీరింగ్ చదువుతున్న మా అబ్బాయి 'మ్యాజిక్: ద గ్యాదరింగ్' ఆట కార్డులు సేకరిస్తాడు. ఈ మధ్య 'సిటీ ఆఫ్ బ్రాస్' అనే పాత కార్డును ఆన్‌లైన్‌లో ఆరు వందలకు కొన్నాడు. ఫోన్‌లోని స్కానర్ యాప్ దాన్ని 1993 నాటి కార్డుగా గుర్తించి, ధర వేలల్లో చూపిస్తోంది. ఫోటో జతపరిచాను. అంత ఖరీదైన కార్డును అంత చవగ్గా ఎవరైనా అమ్ముతారా? (ఒక తండ్రి, బొబ్బిలి)

జవాబు: అమ్మరు. మీ అనుమానమే సరైనది, అయితే అమ్మినవారిని తప్పుపట్టవలసిన పనీ లేదు, ఎందుకంటే పొరపడింది యాప్. ఇలాంటి యాప్‌లు కెమెరాకు కనబడిన బొమ్మను తమ దగ్గరున్న బొమ్మలతో పోల్చి, దగ్గరగా ఉన్నదాన్ని చూపిస్తాయి. ఒకే బొమ్మ రెండు ముద్రణల్లో ఉన్నప్పుడు ఏది పైకి వస్తే దాని ధరే మన కళ్లబడుతుంది. ఈ కార్డు మొదట 1993 డిసెంబరులో 'అరేబియన్ నైట్స్' సంచికలో (ఒకే పేరుతో ఒక విడతగా వచ్చే కార్డుల సెట్‌ను ఇక్కడ సంచిక అంటున్నాను) నల్లని అంచుతో వచ్చింది. 1995లో 'క్రానికల్స్' పేరుతో పాత సంచికల కార్డులను మళ్లీ అచ్చు వేసినప్పుడు బొమ్మను మార్చలేదు, చివరకు అరేబియన్ నైట్స్ గుర్తయిన వంపు కత్తిని కూడా అలాగే ఉంచేశారు. అంచును మాత్రం తెల్లగా మార్చారు. మీరు పంపిన ఫోటోను పెద్దది చేసి చూస్తే, ప్లాస్టిక్ తొడుగు తాలూకు నలుపు బయటికి కనిపిస్తున్నా, దాని లోపల కార్డు అంచు తెల్లగానే ఉంది. కాబట్టి అది క్రానికల్స్ కార్డు, ఆరు వందలకు దొరకడంలో వింత లేదు. యాప్‌లో ఫలితం వచ్చాక సంచిక పేరు మీద నొక్కి, సరైన ముద్రణను చేత్తో ఎంచుకోమనండి. (అన్నట్టు, జపాన్ భాషలో అచ్చయిన క్రానికల్స్ కార్డులకు అంచు నల్లగానే ఉంటుంది కనుక, అంచు రంగు సూత్రం ఇంగ్లీషు కార్డులకే వర్తిస్తుంది.)

పాత కార్డులను మళ్లీ అచ్చు వేస్తూ 2019లో మొదలైన 'మిస్టరీ బూస్టర్' ముద్రణల్లో కూడా పాత సంచిక గుర్తును, పాత అమరికను యథాతథంగా ఉంచారు. తేడా అంతా కింద ఎడమ మూలన, చీమ తలంత ఉండే తెల్లని ప్లేన్స్‌వాకర్ గుర్తులోనే (పైకి అయిదు కొసలు లేచిన చిన్న బొమ్మ) ఉంది. మసక వెలుతురులో తీసిన ఫోటోలో అది కనబడదు, కనుక కొనేముందు ఆ మూలను దగ్గరగా ఫోటో తీసి పంపమని అడగడం మంచిది.

ఇక నకిలీయేమోనన్న భయం ఉంటే కార్డు వెనుకవైపు చూడాలి. అక్కడున్న అయిదు రంగుల చుక్కల్లో ఆకుపచ్చదాన్ని బాగా పెద్దదిగా చూపే భూతద్దంతో పరీక్షిస్తే, చాలా అసలు కార్డుల్లో నాలుగు చిన్న ఎర్ర చుక్కలు 'ఎల్' అక్షరం ఆకారంలో కనిపిస్తాయి. నా ఫోన్ కెమెరాకు ఎంత దగ్గరకు జరిపినా అవి చిక్కలేదు. విజయనగరం మూడు లాంతర్ల దగ్గర ఒక గడియారాల మరమ్మతు దుకాణంలో అడిగితే, ఆ పెద్దాయన తన కంటికి పెట్టుకునే అద్దాన్ని తీసి ఇచ్చారు. దాన్ని కెమెరా మీద ఆనించి పట్టుకుంటే చుక్కలు నాలుగూ లెక్కపెట్టగలిగాను.

ప్రశ్న: నా దగ్గరున్న పాత 'కౌంటర్‌స్పెల్' కార్డు మీద 'ఇంటరప్ట్' అని అచ్చయి ఉంది, యాప్‌లో మాత్రం 'ఇన్‌స్టంట్' అంటోంది. ఆడేటప్పుడు దేన్ని పాటించాలి? (రాజాం)

జవాబు: యాప్‌లో ఉన్నదాన్నే. 1999లో ఆరో ఎడిషన్‌తో నియమాలను సవరించినప్పుడు ఇంటరప్ట్ అనే కార్డుల తరగతినే ఎత్తివేశారు. అప్పటి నుంచి మీ కార్డు మీద ఏమి అచ్చయి ఉన్నా, అది ఇన్‌స్టంట్ కిందే లెక్క. ప్రతి కార్డుకూ ఇప్పుడు చెల్లుబాటయ్యే పాఠాన్ని 'ఒరాకిల్' అంటారు, అది కంపెనీ వారి 'గ్యాదరర్' డేటాబేస్‌లో ఉంటుంది. మన గురజాడ వారి 'కన్యాశుల్కం' 1897లో ఒకసారి అచ్చయింది, 1909లో బాగా తిరగరాసిన రూపంలో మళ్లీ వచ్చింది. నాటకం ఆడేవారు రెండోదాన్నే పట్టుకుంటారు, మొదటి ప్రతి దొరికినవారు దాన్ని బీరువాలో దాచుకుంటారు. 2003లో ఎనిమిదో ఎడిషన్‌తోనూ, 2014లోనూ కార్డు చట్రాన్ని, అక్షరాలను మార్చినప్పుడు కూడా ఇదే పద్ధతి: రూపం ఏదైనా పేరు ఒకటైతే పాఠం ఒకటే.

ప్రశ్న: కొంత డబ్బు పాత కార్డుల మీద పెడదామనుకుంటున్నాను. కంపెనీ వాటిని మళ్లీ అచ్చు వేస్తే నష్టపోతానా? (ఉపాధ్యాయుడు, శ్రీకాకుళం)

జవాబు: నష్టపోవచ్చు, అది కూడా కార్డును బట్టి ఉంటుంది. పైన చెప్పిన క్రానికల్స్ ముద్రణ వల్ల తమ కార్డుల ధరలు పడిపోయాయని సేకర్తలు గోల పెట్టడంతో, ఈ ఆటను ప్రచురించే 'విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్' సంస్థ 1996 మార్చిలో 'రిజర్వ్‌డ్ లిస్ట్' ప్రకటించి, అందులోని కార్డులను మళ్లీ ముద్రించబోమని మాట ఇచ్చింది. పేరు మార్చి అదే పని చేసే కార్డును తేవడం కూడా ఆ మాట కిందికే వస్తుంది. 2002లో ఇక కొత్త పేర్లు చేర్చబోమన్నారు. మెరిసే ఫాయిల్ కార్డులకు ఉన్న మినహాయింపును వాడుకోవడంతో విమర్శలు వచ్చి, 2010లో దాన్నీ తొలగించారు. జాబితాలో 570కి పైగా కార్డులున్నాయి. ఎంతో ఖరీదైనదిగా పేరుపడ్డ 'బ్లాక్ లోటస్' ఉంది, మొదటి ప్రశ్నలోని 'సిటీ ఆఫ్ బ్రాస్' లేదు.

అయితే ఇది కంపెనీ విధానమే తప్ప చట్టం కాదు. 2022లో ముప్పయ్యేళ్ల పండుగ పేరుతో, బ్లాక్ లోటస్ దొరికే అవకాశమున్న నాలుగు ప్యాకెట్లను 999 డాలర్లకు, అంటే దాదాపు 80 వేల రూపాయలకు అమ్మారు. వాటి వెనుకవైపు వేరే డిజైన్ ఉంది, పోటీల్లో చెల్లవు, కాబట్టి మాట తప్పలేదని వారి వాదన. నాకు మాత్రం అది మాటను నిలబెట్టుకోవడంకన్నా దాని సందుల్లోంచి దూరిపోవడంలాగే తోచింది. జీతం డబ్బు పెట్టేవారు ఈ జాబితాలో లేని కార్డును ఆడుకోవడానికే కొనాలి, అదీ అన్నిటికన్నా చవకైన ముద్రణను. 'పోకెమాన్' కార్డులకైతే ఇలాంటి జాబితాయే లేదు. అక్కడ పాత కార్డు అదే పాఠంతో మళ్లీ అచ్చయితే, మీ దగ్గరి పాత ప్రతి కూడా ప్రస్తుత పోటీల్లో చెల్లుతుంది.

ప్రశ్న: 'మ్యాజిక్ అరీనా'లో (ఇదే ఆటను ఫోన్, కంప్యూటర్‌లో ఆడే రూపం) నా కార్డు శక్తి మారిపోయింది. పేపర్ కార్డుకూ ఇదే వర్తిస్తుందా? (పలాస)

జవాబు: వర్తించదు. పేరు ముందు 'ఏ' అక్షరం, చిన్న గీత కనిపిస్తే అది 2021 డిసెంబరులో వచ్చిన 'ఆల్కెమీ' పద్ధతి కింద ఫోన్, కంప్యూటర్ ఆటల కోసం మాత్రమే సవరించిన ప్రతి.