టెస్ట్‌లో 0.95 వచ్చి, కొత్త మందుకు మోడల్ పనిచేయకపోతే

మందు పడ్డాక కణంలోని జీన్లు ఎలా మారతాయో ఊహించే మీ మోడల్‌కు టెస్ట్‌లో 0.95 స్కోరు వచ్చినా, కొత్త మందుకు ఎందుకు పనిచేయట్లేదని అడిగారు. తప్పు మోడల్‌లో కాదు, మీరు డేటాను విడగొట్టిన తీరులో ఉంది. సై-ప్లెక్స్ (క్యాన్సర్ కణాలపై రకరకాల మందులు వేసి, ఒక్కో కణంలో జీన్ల పనితీరు కొలిచిన డేటాసెట్) కణాలన్నిటినీ కలిపి 80-20గా రాండమ్‌గా చీల్చానన్నారు. అంటే ఒకే మందు, ఒకే డోసు పడ్డ కణాలు మోడల్ నేర్చుకునే ట్రైన్ భాగంలోనూ ఉన్నాయి, దాన్ని పరీక్షించే టెస్ట్ భాగంలోనూ ఉన్నాయి. 0.95 అందుకే వచ్చింది.

1. కణాల వారీగా కాదు, మందుల వారీగా విడగొట్టండి. ఉన్న 188 మందుల్లో ఓ ముప్ఫైని అన్ని డోసులతో సహా టెస్ట్ కోసం పక్కన పెట్టండి.

2. చాలామంది వదిలేసేది ఇదే. స్కోరు జీన్ల మొత్తం విలువ (ఏ జీన్ ఎంత పనిచేస్తోందన్న కొలత) మీద కాదు, కంట్రోల్ (మందు వేయని కణాలు) నుంచి వచ్చిన మార్పు మీద తీయండి. మందు పడ్డా ఎక్కువ జీన్లు పెద్దగా కదలవు, కాబట్టి కంట్రోల్ సగటునే జవాబుగా ఇచ్చినా ఆర్-స్క్వేర్ (అంచనా అసలు విలువలకు ఎంత దగ్గరో చెప్పే స్కోరు, 1 అయితే పూర్తిగా సరి) గొప్పగా కనిపిస్తుంది. ఆ సగటును ఈ డేటాలోని మూడు సెల్ లైన్లకు (ల్యాబ్‌లో పెంచే క్యాన్సర్ కణాల రకాలు), అంటే ఏ549, కే562, ఎంసీఎఫ్7లకు విడివిడిగా తీయాలి. కలిపితే సెల్ లైన్ల తేడానే మందు ప్రభావంలా కనబడుతుంది. తిరుపతిలో ప్రాజెక్ట్ చేసేటప్పుడు నాకూ సరిగ్గా ఇక్కడే రెండు వారాలు పోయాయి.

3. మందును పేరుతో కాకుండా, దాని స్మైల్స్ (అణువు నిర్మాణాన్ని అక్షరాల్లో రాసే పద్ధతి) నుంచి తీసిన ఫింగర్‌ప్రింట్‌గా (ఆ నిర్మాణాన్ని చెప్పే అంకెల వరుస) ఇవ్వండి. పేరు మాత్రమే ఇస్తే కొత్త మందు గురించి మోడల్‌కు తెలిసే దారే లేదు.

స్కోరు బాగా పడిపోతుంది, టెన్షన్ పడకండి. మీ గైడ్‌కు చూపించాల్సింది ఆ అంకెనే, పక్కనే కంట్రోల్ సగటు స్కోరు కూడా పెట్టి.