జూర్యో జీతాన్ని నమ్ముకుని హోటల్ అప్పా?

ప్రశ్న: మా వారు జపాన్ దేశస్థులు, వృత్తి సుమో మల్లయోధులు. వయసు 30. ఎనిమిది నెలల క్రితం సుమోలో పై నుంచి రెండోదైన జూర్యో శ్రేణికి చేరారు, ప్రస్తుతం 12వ స్థానంలో ఉన్నారు. జీతం నెలకు 11 లక్షల యెన్లు, పన్నులు పోను 8 లక్షలు వస్తున్నాయి. టోక్యోలో నా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం నుంచి 3.5 లక్షలు అందుతాయి. ఇంటి ఖర్చు 8 లక్షలు. పెళ్లి ఖర్చులు పోను చేతిలో 14 లక్షలున్నాయి. ఆయన కుడి మోకాలు ఇబ్బంది పెడుతున్నందువల్ల, ముందుచూపుతో టోక్యోలోని సుమో పేట ర్యోగొకులో చాంకో (మల్లయోధులు తినే కూర పులుసు) హోటల్ పెట్టాలనుకుంటున్నాం. అందుకు 3 కోట్ల యెన్లు కావాలి. బ్యాంకు ఆయనకు అప్పు ఇవ్వనంది. కొంత నా పేరున, కొంత హైదరాబాద్ ఫ్లాట్ తనఖా పెట్టి, మిగతాది ఆయన అభిమాని ఒకరి దగ్గర నోటు లేకుండా తీసుకుందామనుకుంటున్నాం. స్థిర వడ్డీ మేలా, మారే వడ్డీ మేలా?

జవాబు: అమ్మా, వడ్డీ సంగతి పక్కన పెట్టండి. ఈ అప్పు మీరు చేయకూడదు. వచ్చే ఏడాది కూడా ఇదే జీతం వస్తుందన్న నమ్మకంతో ఇరవై ఏళ్ల వాయిదాకు సంతకం పెట్టే పొరపాటును క్రీడాకారుల కుటుంబాలలోనూ, కాంట్రాక్టు ఉద్యోగుల ఇళ్లలోనూ తరచుగా చూస్తున్నాను కనుకనే మీ ఉత్తరానికి ఇక్కడ జవాబు రాస్తున్నాను.

సుమోలో నెల జీతం ఉన్నవారు పై రెండు శ్రేణులలోని 70 మంది మాత్రమే. జూర్యో నుంచి ఒక్క మెట్టు దిగి మకుషితలో పడితే జీతం తగ్గడం కాదు, పూర్తిగా ఆగిపోతుంది. రెండు నెలలకొకసారి జరిగే ఒక్కో పోటీకి 1.65 లక్షల యెన్ల భృతి మాత్రం మిగులుతుంది. ఏడాదికి 1.32 కోట్లు వచ్చే చోట 9.9 లక్షలు వస్తాయి. మీరు తలపెట్టిన 3 కోట్లకు 2.5 శాతం వడ్డీ వేసినా, 20 ఏళ్ల అప్పుకు నెల వాయిదా సుమారు 1.6 లక్షలు, అంటే రెండు నెలల భృతి మొత్తం ఒక్క నెల వాయిదాకే సరిపోతుంది.

12వ స్థానం నుంచి మకుషిత ఎంతో దూరం లేదు. 15 రోజులలో 8 గెలవకపోతే స్థానం దిగుతుంది. మోకాలి శస్త్రచికిత్స కోసం ఒక పోటీకి పూర్తిగా దూరమైతే ఆ గైర్హాజరు ఓటమి లెక్కలోకే వస్తుంది, తరువాతి బంజుకెలో (స్థానాల జాబితాలో) ఆయన పేరు మకుషిత వరుసలోకి జారుతుంది. బరిలో గాయపడినవారి స్థానాన్ని కాపాడే నిబంధన ఒకప్పుడు ఉండేది, 2004 నుంచి అదీ లేదు. జీతమున్న శ్రేణులవారు సాధనలో కట్టుకునే తెల్ల మవాషిని (నడుము పట్టీని) విప్పి మళ్లీ నల్లది కట్టుకోవలసిన రోజు ఎంత దగ్గరలో ఉందో ఆయనకు మీకంటే బాగా తెలిసి ఉంటుంది. పెళ్లికాని కుర్రవాడు అలా దిగితే మల్లయోధులు కలిసి ఉండే శిబిరంలో తిండికీ పడకకూ లోటుండదు. మీ ఇంటి అద్దె మాత్రం శిబిరం కట్టదు.

కాబట్టి ముందు అత్యవసర నిధి. ఆరు నెలల ఖర్చు చాలునన్న మామూలు లెక్క మీకు పనికిరాదు. పై నుంచి రెండోదైన ఓజెకి హోదా చూసిన తెరునొఫుజి అంతటివాడు మోకాళ్లు, మధుమేహం దెబ్బతీయగా 2018 జులైలో మకుషితకు దిగి, అక్కడి నుంచి అట్టడుగుకు ఒక్క మెట్టు పైనున్న జొనిదాన్ శ్రేణి దాకా జారి, తిరిగి జూర్యో జీతం అందుకునేసరికి 2020 జనవరి వచ్చింది. పద్దెనిమిది నెలలు. ఆయన తరువాత అత్యున్నత హోదా అయిన యొకొజునా కూడా అయ్యారు; అయినా ఆ పద్దెనిమిది నెలల అద్దె ఆ పద్దెనిమిది నెలల్లోనే కట్టాలి కదా! మీ వారికి మరో ఆరు నెలలు కలిపి 24 నెలలకు సిద్ధపడండి. జీతం ఆగినప్పుడు ఖర్చును 6 లక్షలకు దించగలిగితే, మీ సంపాదన పోను నెలకు 2.5 లక్షలు తక్కువ పడతాయి. 24 నెలలకు 60 లక్షలు. ఇప్పటి 14 లక్షలకు నెల నెలా మిగిలే 3.5 లక్షలు జోడిస్తూ పోతే ఆ 60 లక్షలు కూడడానికి 13 నెలలకు పైగా పడుతుంది. ఆ డబ్బు అడగగానే చేతికొచ్చే బ్యాంకు ఖాతాలోనే ఉండాలి. నీసా (జపాన్‌లో పన్ను లేని పెట్టుబడి) పథకం ఆ తరువాతే.

బ్యాంకు ఆయనకు అప్పు ఇవ్వనన్నదంటే మోకాలినీ, బంజుకెనూ మీకంటే జాగ్రత్తగా చదివిందన్నమాట. అదే అప్పును మీ పేరున తీసుకోవడం ఆ నష్టాన్ని మీ నెత్తికెత్తుకోవడమే. నోటు లేని అభిమాని సొమ్ము ఇంకా ప్రమాదం. గెలుస్తున్నన్నాళ్లే ఆ అభిమానం వెచ్చగా ఉంటుంది. ఓడిన నాడు ఎంతిచ్చారో, ఎప్పుడు తీర్చాలో చెప్పే కాగితం మీ దగ్గర ఉండదు.

రిటైరయ్యాక సుమో సంఘంలో ‘పెద్ద’ హోదాతో స్థిరపడే ఆలోచన ఉంటే, జూర్యో స్థాయి వారికి 30 పోటీల అనుభవం కావాలి. ఆయనకు నాలుగే అయ్యాయి. ఆదాయ రక్షణ బీమాకు మాత్రం ఈ నెలలోనే దరఖాస్తు చేయండి, బరువునూ మోకాలినీ దాచకుండా రాయండి. హోటల్ మీద నిజంగా మనసుంటే, రిటైరయ్యాక ఏడాదిపాటు ఇంకొకరి చాంకో వంటింట్లో జీతానికి పనిచేయనివ్వండి. హైదరాబాద్ ఫ్లాట్ కాగితాలు బ్యాంకుకు ఇప్పటికే పంపి ఉంటే, రేపే వెనక్కి తెప్పించండి.