ప్రీమియర్ ప్రోలో ఫేడర్ తగ్గించినా మళ్ళీ పైకి పోతోంది: ట్రాక్ మొత్తం వాల్యూమ్ ఎలా మార్చాలి?

మీ పెళ్ళి వీడియోలో ఏ1 ఆడియో ట్రాక్ మీద పంతులుగారి మంత్రాలు, ఏ2 మీద సన్నాయి, డోలు, ఏ3 మీద బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ ఉన్నాయన్నారు. ఏ3 ఫేడర్ (వాల్యూమ్ పెంచి తగ్గించే మీట) కిందికి లాగితే ప్లే చేయగానే పైకి పోతోందన్నారు.

ప్రీమియర్‌లో చూడ్డానికి ఒకేలా ఉండే మిక్సర్లు రెండున్నాయి. ఆడియో క్లిప్ మిక్సర్‌లో ఫేడర్ లాగితే ప్లేహెడ్ (ప్లే అవుతున్న చోటు చూపే నిలువు గీత) కింద ఉన్న క్లిప్ ఒక్కటే మారుతుంది, తర్వాతి క్లిప్ రాగానే ఫేడర్ ఆ క్లిప్ విలువకు జరిగిపోతుంది. ట్రాక్ మొత్తం తగ్గాలంటే విండో మెనూ నుంచి ఆడియో ట్రాక్ మిక్సర్ తెరవాలి. అక్కడా ఫేడర్ నిలవకపోతే ఆ ట్రాక్ మీద పాత కీఫ్రేములు (ఏ క్షణంలో వాల్యూమ్ ఎంతో గుర్తుంచే చుక్కలు) ఉన్నట్టే. ఫేడర్ పైన ఉండే మెనూ రీడ్ (Read)కి బదులు రైట్ (Write)లో ఉండగా ప్లే చేస్తే అవి పడతాయి, ఆ తర్వాత రీడ్ వాటినే పాటిస్తుంది. ట్రాక్ హెడర్‌లో కీఫ్రేమ్ గుర్తు నొక్కి ట్రాక్ కీఫ్రేమ్స్‌లో వాల్యూమ్ ఎంచుకోండి. ట్రాక్ ఎత్తు పెంచితే చుక్కలు కనిపిస్తాయి. పెన్ టూల్‌తో వాటిని చుట్టి డిలీట్ చేయండి, ఫేడర్ పెట్టిన చోట ఉంటుంది.

అయినా పని ఫేడర్‌తో మొదలుపెట్టకండి. ఒకే ట్రాక్‌లో ఒక క్లిప్ గట్టిగా, ఇంకొకటి మెల్లగా ఉంటే ఫేడర్ రెండింటినీ సమానంగా దించుతుంది, తేడా అలాగే మిగులుతుంది. ముందు క్లిప్ గెయిన్ (ఆ క్లిప్ సొంత మట్టం) సరిచేయాలి, ఫేడర్‌ది తర్వాతి వంతు. ట్రాక్ సెలెక్ట్ ఫార్వర్డ్ టూల్ (కీబోర్డు మీద A) తీసుకుని, షిఫ్ట్ పట్టుకుని ట్రాక్‌లో మొదటి క్లిప్ నొక్కితే ఆ ఒక్క ట్రాక్‌లోని క్లిప్పులన్నీ ఎంపికవుతాయి. ఇప్పుడు జీ కీ నొక్కండి. అడ్జస్ట్ గెయిన్ బై దగ్గర -6 ఇస్తే అన్నీ ఒకేలా 6 డీబీ (డెసిబెల్స్) తగ్గుతాయి, అంటే సిగ్నల్ ఎత్తు సగమవుతుంది. సెట్ గెయిన్ టు మాత్రం అన్నిటికీ ఒకే విలువ పెట్టేస్తుంది, అంతకుముందు విడివిడిగా చేసిన సర్దుబాటు పోతుంది.

అదే పెట్టెలో నార్మలైజ్ మాక్స్ పీక్, నార్మలైజ్ ఆల్ పీక్స్ కూడా ఉంటాయి. మొదటిది ఎంపికలో అన్నిటికన్నా ఎత్తయిన పీక్‌ని (శబ్దం అత్యంత గట్టిగా ఉన్న చోటుని) మీరిచ్చిన విలువకు తెచ్చి, మిగతా క్లిప్పులను అంతే మేర కదుపుతుంది. రెండోది ప్రతి క్లిప్‌నీ విడిగా ఆ విలువకు తెస్తుంది. మంత్రాల మధ్య హెచ్చుతగ్గులకు రెండోదే కావాలి, కానీ పెళ్ళి ఆడియోలో అది గట్టిమేళం దగ్గర దెబ్బతింటుంది. మంత్రాల క్లిప్ చివర ఐదు సెకన్ల మేళం ఉన్నా ప్రీమియర్ ఆ మేళం పీక్‌నే కొలుస్తుంది, మంత్రం ఎక్కడిదక్కడే ఉండిపోతుంది. అందుకే మేళం మొదలైన చోట, ఆగిన చోట కట్ చేసి ఆ ముక్కను ఏ2కి దించండి. మిగిలిన మంత్రాల క్లిప్పులకు ఆల్ పీక్స్ -9 డీబీ ఇవ్వండి. ఎవరూ మాట్లాడని క్లిప్పులను ఎంపికలోంచి తీసేయండి, లేకపోతే ఫ్యాన్ హోరు కూడా -9కి ఎక్కి కూర్చుంటుంది. మేళం వేవ్‌ఫామ్ పైభాగం కత్తిరించినట్టు చదునుగా కనిపిస్తే అది రికార్డింగ్‌లోనే పగిలింది, గెయిన్ ఎంత తగ్గించినా ఆ గరగర పోదు. అక్కడ రెండో కెమెరా ఆడియో వాడండి.

ఆ తర్వాత ఫేడర్లు. మాట పీక్‌లు మీటర్ మీద -12 నుంచి -6 డీబీ మధ్య ఆడాలి. మాట కింద మ్యూజిక్ -25, -30 దగ్గర ఉంటే చాలు, మాట లేని షాట్లలో -12 దాకా రావచ్చు.

మ్యూజిక్ దానంతట అది తగ్గాలంటే ఎసెన్షియల్ సౌండ్ ప్యానెల్‌లో ఏ1 క్లిప్పులకు డైలాగ్, ఏ3 క్లిప్పులకు మ్యూజిక్ అని గుర్తు పెట్టి, డకింగ్ ఆన్ చేసి జనరేట్ కీఫ్రేమ్స్ నొక్కాలి. ఇంటర్వ్యూలకు ఇది చక్కగా పనిచేస్తుంది. మంత్రాలకు నేను వాడను. పంతులుగారు శ్వాస తీసుకున్న ప్రతిసారీ మ్యూజిక్ పైకి లేచి పడుతుంది, వినడానికి చిరాకు. దానికి బదులు కంట్రోల్ (మ్యాక్‌లో కమాండ్) పట్టుకుని, ఏ3 క్లిప్ వాల్యూమ్ గీత మీద నొక్కి నాలుగు చుక్కలు పెట్టండి: దిగడానికి రెండు, లేవడానికి రెండు, ఒక్కో జత మధ్య ఒక సెకను. మాంగల్యధారణ దగ్గర మాత్రం ఏ3ని పూర్తిగా తీసేయండి. అక్కడ సన్నాయి ఉండగా ఇంకో సంగీతం అక్కర్లేదు.

కెమెరా మైక్, రికార్డర్ ఆడియో రెండూ ఒకేసారి మోగుతుంటే గొంతు డొల్లగా వినిపిస్తుంది. దూరం వల్ల ఒకటి కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరడం దీనికి కారణం. కెమెరా ట్రాక్ కాస్త తగ్గిస్తే సరిపోదు, మంత్రాలున్నంతసేపూ మ్యూట్ చేయాలి.

ఏ ట్రాకూ 0 దాటకపోయినా మిక్స్ (ట్రాకులన్నీ కలిసి చేరే చివరి ట్రాక్) మీటర్ ఎర్రబడవచ్చు, ఎందుకంటే ట్రాకులు కలిసినప్పుడు మట్టం పెరుగుతుంది. అన్ని ట్రాక్ ఫేడర్లనూ సమానంగా 3 డీబీ దించి చూడండి. మిక్స్ ట్రాక్ మీద హార్డ్ లిమిటర్ (మట్టం ఒక హద్దు దాటకుండా ఆపే ఎఫెక్ట్) -1కి పెట్టి, మిక్స్ ఫేడర్‌ను 0 దగ్గరే వదిలేయండి: లిమిటర్ మామూలుగా ఫేడర్‌కు ముందు పనిచేస్తుంది, ఫేడర్ పైకి తోస్తే మళ్ళీ పగులుతుంది. యూట్యూబ్‌కి పెట్టేదైతే మిక్స్ మీద లౌడ్‌నెస్ మీటర్ వేసి -14 లఫ్స్ (LUFS, మొత్తం మీద ఎంత గట్టిగా వినిపిస్తుందో కొలిచే ప్రమాణం) దగ్గరకు తెండి. అంతకన్నా గట్టిగా ఉంటే యూట్యూబే తగ్గిస్తుంది, మెల్లగా ఉంటే మాత్రం పెంచదు.