మాడ్యూల్ ఎక్కించిన ప్రతిసారీ మేజర్ నంబరు ఎందుకు తగ్గుతోంది?

లైనక్స్‌లో మీ డ్రైవరు మాడ్యూల్‌ను ఆర్ఎంమాడ్‌తో దించి మళ్లీ ఇన్స్‌మాడ్‌తో ఎక్కించిన ప్రతిసారీ మేజర్ నంబరు (ఏ డ్రైవరును పిలవాలో కెర్నెల్ గుర్తుపట్టే నంబరు) 241, 240, 239 అంటూ దిగిపోతోందని, ఎంకేనాడ్ ఆదేశంతో ఆ నంబరు పెట్టి చేసుకున్న పాత డివైస్ ఫైలు తెరవబోతే అలాంటి డివైసే లేదని వస్తోందని రాశారు. కోడ్‌లో 240ని ఖాయం చేస్తే సరిపోతుందా అని అడిగారు. సరిపోదు. ఆ నంబరు అప్పటికే మరో డ్రైవరు దగ్గర ఉంటే మీ మాడ్యూల్ ఎక్కనే ఎక్కదు.

అసలు ఆచూకీ నంబరు మారడంలో కాదు, వరుసగా తగ్గడంలో ఉంది. ఖాళీ నంబరు అడిగే అలాక్_సీహెచ్‌ఆర్‌డెవ్_రీజియన్ ఫంక్షన్‌ను పిలిచినప్పుడు కెర్నెల్ 254 దగ్గర మొదలుపెట్టి 234 వరకు కిందికి వెతుకుతూ, ఖాళీగా కనిపించిన మొదటి మేజర్‌ను ఇస్తుంది. అక్కడ దొరకకపోతే, ఇటీవలి కెర్నెళ్లలో 511 నుంచి 384 వరకు చూస్తుంది. కిందటిసారి ఏది ఇచ్చిందో దానికి గుర్తుండదు. కాబట్టి దించేటప్పుడు మీ మాడ్యూల్ నంబరును తిరిగి ఇచ్చి, ఈలోగా పరిస్థితి మారకపోతే, మళ్లీ అదే నంబరు రావాలి. తగ్గుతోందంటే పాతది ఇంకా మీ పేరు మీదే ఉందన్నమాట.

మాడ్యూల్‌ను దించేసి, నమోదైన మేజర్ నంబర్లు, పేర్లు ఉండే /ప్రాక్/డివైసెస్ ఫైలు చూడండి. నేను కొంతకాలం చూసుకున్న ఒక డేటా సేకరణ కార్డు డ్రైవరులో ఇదే తంతు. ఎక్కి ఉన్న మాడ్యూళ్లను చూపే ఎల్ఎస్‌మాడ్‌లో మాడ్యూల్ జాడ లేదు, ఆ ఫైలులో మాత్రం దాని పేరు వేర్వేరు నంబర్లతో ఒకదాని కింద ఒకటి నిలబడి ఉంది. కెర్నెల్ ఆ పేరును తన పట్టికలోకి నకలు చేసుకుంటుంది కాబట్టి మాడ్యూల్ పోయినా పేరు పోదు.

తమాషా ఏమిటంటే, మాడ్యూల్‌ను దించేటప్పుడు నడిచే ఆ డ్రైవరు ఎగ్జిట్ ఫంక్షన్‌లో, నంబరును తిరిగి ఇచ్చే అన్‌రిజిస్టర్_సీహెచ్‌ఆర్‌డెవ్_రీజియన్ పిలుపు లక్షణంగా ఉంది. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. తీసుకునేటప్పుడు 4 మైనర్లు (ఒకే మేజర్ కింద ఒక్కో డివైస్‌కు ఉండే ఉప నంబర్లు) అడిగారు, ఇచ్చేటప్పుడు 1 అని రాశారు. మేజర్, మొదటి మైనర్, మైనర్ల సంఖ్య మూడూ పట్టికలోని నమోదుతో అచ్చంగా సరిపోలితేనే కెర్నెల్ దాన్ని తీసేస్తుంది. సరిపోలకపోతే నోరు మెదపదు: లాగ్‌లో ఒక్క ముక్క ఉండదు, ఆ ఫంక్షన్ ఏ విలువా తిరిగి ఇవ్వదు. ఇంత మౌనం నాకు ఎప్పుడూ నచ్చలేదు. మైనర్ల కోసం లూప్ తిప్పుతూ మేజర్, మైనర్ కలిపి దాచుకునే అసలు డెవ్_టీ చరరాశినే పెంచుకుంటూ పోయినా ఫలితం ఇంతే, ఎందుకంటే చివర మీరు ఇచ్చే మొదటి మైనర్ తప్పు అవుతుంది. మీ కోడ్‌లో ముందుగా ఈ రెండూ చూడండి.

అక్కడ తేడా కనిపించకపోతే, మాడ్యూల్ ఎక్కేటప్పుడు నడిచే ఇనిట్ ఫంక్షన్ చూడండి. నంబరు తీసుకున్నాక డివైస్‌లకు ఒక వర్గాన్ని సృష్టించే క్లాస్_క్రియేట్ లాంటిదేదో విఫలమై ఇనిట్ మధ్యలోనే వెనుదిరిగితే, కెర్నెల్ మీ ఎగ్జిట్‌ను పిలవదు. అప్పటిదాకా తీసుకున్నవన్నీ ఇనిట్‌లోనే, తీసుకున్న క్రమానికి తలకిందులుగా వదలాలి. కోడ్‌లో మరో చోటికి గెంతించే గోటూ అంటే ముఖం చిట్లించేవారు కూడా ఇక్కడ దాన్నే వాడతారు.

ఇక డివైస్ ఫైలు. ఎంకేనాడ్ మానేయండి. పాత ఫైలు తెరుచుకోకపోవడం అదృష్టమే అనుకోండి; ఆ నంబరు రేపు వేరే డ్రైవరుకు దక్కితే మీ ప్రోగ్రాం రాసే డేటా దాని నెత్తిన పడుతుంది. క్లాస్_క్రియేట్, డివైస్_క్రియేట్ పిలిస్తే /డెవ్ కింద డివైస్ ఫైళ్లను ఉంచే డెవ్‌టీఎంపీఎఫ్ఎస్ సరైన నంబరుతో ఫైలును తానే పెడుతుంది, డివైస్_డిస్ట్రాయ్ పిలిస్తే తీసేస్తుంది. ఫైలు అనుమతులకు, డివైస్ ఫైళ్లను చూసుకునే యూడెవ్‌లో నియమం ఒకటి చాలు.

మీకు కావలసింది ఒకే ఒక్క డివైస్ అయితే ఇంత తతంగం కూడా అక్కరలేదు. చిన్నాచితకా డివైస్‌ల కోసం కెర్నెల్‌లో ఉన్న మిస్క్_రిజిస్టర్ ఫంక్షన్ వాడితే మేజర్ ఎప్పుడూ 10, మైనర్‌ను కెర్నెల్ చూసుకుంటుంది, ఫైలు కూడా దానంతటదే వస్తుంది. చిన్న డ్రైవర్లకు నేను మొదట దాన్నే ఎంచుకుంటాను.

ఒక జాగ్రత్త: కోడ్ సరిదిద్దినంత మాత్రాన ఇప్పటికే చిక్కుకున్న నంబర్లు విడుదల కావు. సరైన విలువలతో అన్‌రిజిస్టర్ పిలిచే చిన్న మాడ్యూల్ రాసి వాటిని విడిపించవచ్చు గానీ, రీబూట్ చేయడం తేలిక. ఆ తర్వాత నాలుగైదుసార్లు ఎక్కించి దించి, ప్రతిసారీ /ప్రాక్/డివైసెస్‌లో మీ పేరు పోతోందో లేదో చూసుకోండి.