“ఐ యామ్ హ్యావింగ్ ఎ కార్” తప్పయితే “ఐ యామ్ హ్యావింగ్ లంచ్” ఎలా ఒప్పయింది?

ఒకటే క్రియ, ఒకటే ‘ఇంగ్’, లంచ్ పక్కన ఒప్పు, కారు పక్కన తప్పు, ఇదెక్కడి రూలు అని అడిగారు. మీ విసుగు న్యాయమైనదే. బళ్ళో చాలామందికి చెప్పేది “హ్యావ్‌కి ఇంగ్ తగిలించకూడదు” అన్న ఒక్క ముక్క. అది సగమే నిజం. ఇంగ్ రావాలో వద్దో తేల్చేది హ్యావ్ కాదు, దాని పక్కనున్న నామవాచకం.

విదేశీ క్లయింట్లకు వెళ్ళే మెయిళ్ళు, రిపోర్టులు ఒకసారి చదివి సరిచేసి పంపడం నా ఉద్యోగంలో ఒక భాగం. మనవాళ్ళ ఇంగ్లీషులో నేను అన్నిటికంటే ఎక్కువగా కొట్టేసేది ఈ హ్యావింగ్‌నే. ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్ళు కూడా రాస్తారు. అందుకే దీన్ని చదువు తక్కువై చేసే తప్పుగా నేను చూడను. మన భాష అలా రాయిస్తుంది.

మనం మాట్లాడే తెలుగులో హ్యావ్‌కి సరిపోయే క్రియే లేదు. “నాకు ఇద్దరు తమ్ముళ్ళు ఉన్నారు”, “నా దగ్గర పెన్ను ఉంది”, “ఆయనకి ఓపిక ఎక్కువ” అంటాం. మనిషికి ‘కు’నో ‘దగ్గర’నో తగిలించి పక్కన కూర్చోబెడతాం, ఉండే పని ఆ వస్తువే చేస్తుంది. మూడో వాక్యంలోనైతే అసలు క్రియే కనపడదు. ఇంగ్లీషులో ఈ మూడింటికీ హ్యావే. అక్కడితో ఆగినా బాగుండేది. భోజనం చేయడం, స్నానం చేయడం, కబుర్లు చెప్పుకోవడం, ఇబ్బంది పడటం, బిడ్డను కనడం, ఇవన్నీ కూడా దాని నెత్తినే పడ్డాయి. మనం చేయడం, చెప్పుకోవడం, పడటం, కనడం అని పంచేసిన పనిని అక్కడ ఒక్క హ్యావ్ మోస్తోంది.

ఇక్కడే కిటుకు ఉంది. ఆ వాక్యాన్నే తెలుగులో చెప్పి చూడండి. చివర ‘ఉంది, ఉన్నారు’ వస్తే ఇంగ్ వద్దు. కారు ఉంది, తమ్ముళ్ళు ఉన్నారు, అనుభవం ఉంది, సందేహం ఉంది. అలా కాకుండా జరిగే పని ఏదైనా కనిపిస్తే, అంటే తింటున్నాం, మాట్లాడుకుంటున్నాం, అవస్థ పడుతున్నాం లాంటివి వస్తే, ఇంగ్ హాయిగా పెట్టుకోవచ్చు. లంచ్ తింటాం, కారును తినం. “ఐ యామ్ హ్యావింగ్ ఫైవ్ ఇయర్స్ ఎక్స్‌పీరియన్స్” అని రెజ్యూమెలో ఉంటే ఇంగ్ తీసేయమనేది అందుకే. అనుభవం ఉంటుంది, జరగదు.

ఒకే నామవాచకం రెండు వైపులా వచ్చినప్పుడు అసలు మజా. మా టీమ్‌లో ఒకమ్మాయి క్లయింటుతో కాల్‌లో పిచ్చాపాటీగా “మై సిస్టర్ ఈజ్ హ్యావింగ్ ఎ బేబీ” అంది. అవతలావిడ సంబరపడిపోయి, అభినందనలు చెప్పి, డెలివరీ ఎప్పుడని అడిగింది. మా అమ్మాయి బిక్కమొహం వేసింది. వాళ్ళక్క కూతురికి అప్పటికే నాలుగేళ్ళు. “షి హ్యాజ్ ఎ బేబీ” అంటే పాప ఉంది. “షి ఈజ్ హ్యావింగ్ ఎ బేబీ” అంటే కడుపుతో ఉంది, కనబోతోంది, లేదా ఇప్పుడే నొప్పులు పడుతోంది. పైగా నాలుగేళ్ళ పిల్లని బేబీ అనడం కూడా అక్కడ కుదరదనుకోండి, అది వేరే సంగతి.

మీటింగ్ కూడా ఇలాంటిదే. “ఐ హ్యావ్ ఎ మీటింగ్ ఎట్ త్రీ” అంటే నా షెడ్యూల్‌లో ఉంది అని. “వి ఆర్ హ్యావింగ్ ఎ మీటింగ్ ఎట్ త్రీ” అంటే అందరం కలిసి పెట్టుకున్నాం అని. రెండూ ఒప్పే, దీని గురించి టెన్షన్ పడక్కర్లేదు.

ఇక నేను చెప్పిన తెలుగు కిటుకు పనిచేయని చోటు ఒకటుంది. జబ్బులు. మనకి జ్వరం వస్తుంది, జలుబు చేస్తుంది, తల నొప్పి పెడుతుంది, అన్నీ జరిగేవే. ఇంగ్లీషు వాడికి మాత్రం ఇవి మనిషి దగ్గర ఉండేవి. అందుకే “ఐ హ్యావ్ ఎ ఫీవర్”, “ఐ హ్యావ్ ఎ హెడేక్”, “ఐ హ్యావ్ ఎ కోల్డ్”. సెలవు మెయిల్లో “ఐ యామ్ హ్యావింగ్ ఫీవర్” కనిపించని వారం ఉండదు, ఇంగ్ తీసేసి పంపిస్తాను. అలాగని జబ్బులన్నీ ఒకటి కాదు. గుండెపోటు, ఫిట్స్ లాంటివి ఉన్నట్టుండి వచ్చి కాసేపట్లో ముగిసే ఘటనలు కాబట్టి “హి ఈజ్ హ్యావింగ్ ఎ హార్ట్ ఎటాక్” అనే అంటారు. సాగేది, ముగిసేది అయితే ఇంగ్. మనిషిని పట్టుకుని ఉండేదైతే మామూలు హ్యావ్.

ఇంకో పరీక్ష కూడా ఉంది, ఇది ఇంగ్లీషు లోపలిదే. హ్యావ్ బదులు ‘హ్యావ్ గాట్’ పెట్టి చూడండి. “ఐ హ్యావ్ గాట్ ఎ కార్” నిలబడుతుంది. “ఐ హ్యావ్ గాట్ ఎ హెడేక్” కూడా నిలబడుతుంది. “ఐ హ్యావ్ గాట్ ఎ బాత్ ఎవ్రీ మార్నింగ్” అంటే స్నానం చేస్తాననే అర్థం రాదు. గాట్ పట్టే చోట ఇంగ్ పట్టదు. తెలుగు కిటుకు మొరాయించినప్పుడు నేను దీన్నే నమ్ముతాను.

స్నానం గురించి ఒక మాట. హ్యావ్ ఎ బాత్, హ్యావ్ ఎ లుక్, హ్యావ్ ఎ చాట్, హ్యావ్ ఎ రెస్ట్, వీటిలో అసలు పనంతా నామవాచకానిదే. హ్యావ్ పేరుకే క్రియ. డెన్మార్క్ భాషావేత్త ఒట్టో యెస్పర్సన్ ఇలాంటివాటికి ‘లైట్ వెర్బ్’ అని పేరు పెట్టాడు. మన ‘స్నానం చేయి’లో ‘చేయి’ కూడా ఇదే బాపతు. బ్రిటిష్ వాళ్ళు హ్యావ్ ఎ బాత్, హ్యావ్ ఎ లుక్ అంటే అమెరికన్లు ఎక్కువగా టేక్ వాడతారు. ఏదో ఒకటి పట్టుకుని మెయిలంతా దానిమీదే ఉండండి.

అయితే ఏ పనినైనా ఇలా మార్చేయొచ్చా అంటే కుదరదు. హ్యావ్ ఎ డ్రింక్ ఉంది, హ్యావ్ యాన్ ఈట్ లేదు. ఎందుకు లేదని అన్నా వియెజ్‌బిత్స్కా అనే భాషావేత్త 1982లో ఏకంగా ఒక పరిశోధన వ్యాసమే రాశారు. ఆవిడ వాదన స్థూలంగా ఇది: కాసేపు చేసేది, కావాలంటే మళ్ళీ చేయగలిగేది, చేసేవాళ్ళ సుఖం కోసం చేసేది అయితే ఈ పద్ధతి కుదురుతుంది. ఒక గుక్క తాగొచ్చు, కాసేపు ఈదొచ్చు, ఓ కునుకు తీయొచ్చు. తినడమంటే ఎదురుగా ఉన్నది ఖాళీ చేయడం కూడా కదా. నాకీ వివరణ నచ్చుతుంది, నూటికి నూరుపాళ్ళూ సరిపోతుందని మాత్రం అనను.

ఆర్టికల్ సంగతి త్వరగా చెప్పేస్తాను. పూటల భోజనాలకు ‘ఎ’ ఉండదు, హ్యావ్ బ్రేక్‌ఫస్ట్, హ్యావ్ డిన్నర్. ముందు విశేషణం తగిలితే వస్తుంది, హ్యావ్ ఎ లైట్ బ్రేక్‌ఫస్ట్. ‘ఫన్’కి ఎప్పుడూ రాదు, “హ్యావ్ ఎ ఫన్” అనేది లేదు.

చివరగా, మీ ప్రశ్నలోనే “ఐ హ్యావ్ ఎ డౌట్” అని రాశారు. గ్రామర్‌లో తప్పు పట్టడానికి ఏమీ లేదు, ఇంగ్ లేదు, ‘ఎ’ ఉంది. కానీ మనం దీన్ని “ఒకటి అడగాలి” అనే అర్థంలో వాడతాం. బయటి దేశాలవాళ్ళకి డౌట్ అంటే అపనమ్మకం. “ఐ హ్యావ్ ఎ డౌట్ అబౌట్ యువర్ రిపోర్ట్” అని రాస్తే, మీ లెక్కల మీద నాకు నమ్మకం లేదన్నట్టు చదువుకుంటారు. మన ఆఫీసులో మనలో మనం అనుకునేటప్పుడు డౌటే వాడుకోండి, అందరికీ అర్థమవుతుంది. బయటికి వెళ్ళే మెయిల్లో మాత్రం దాని బదులు ‘క్వెశ్చన్’ పెట్టండి.