ప్రకాశం జిల్లా ఫ్లోరైడ్ జబ్బును మొదట గుర్తించిన వైద్యుడెవరు? మా ఇంటి బోరు నీళ్ళు తాగవచ్చా?

ఒక్క పేరే చెప్పమంటే హెన్రీ ఎడ్వర్డ్ షార్ట్ అని చెప్పాలి, కానీ ఆ పని ఆయనొక్కరిదే కాదు. 1887లో పంజాబులో పుట్టి, అబర్డీన్‌లో వైద్యం చదివి, 1910లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరిన షార్ట్, 1930లలో మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ అనే వైద్య పరిశోధన సంస్థకు డైరెక్టరుగా ఉన్నారు. సి.జి. పండిట్, టి.ఎన్.ఎస్. రాఘవాచారి గార్లతో కలిసి నెల్లూరు జిల్లా ఫ్లోరోసిస్‌ (ఫ్లోరైడ్ జబ్బు) మీద ఆయన 1937లో ఒక వ్యాసం ప్రకటించారు. అదే ఏడాది వచ్చిన మరో వ్యాసంలో మెక్‌రాబర్ట్, మన్నాడి నాయర్‌లతో పాటు ఎక్స్‌రే నిపుణుడు బర్నార్డ్ కూడా ఉన్నారు. కనిగిరి, పొదిలి ప్రాంతాలు 1970 దాకా నెల్లూరు జిల్లాలోనే ఉండేవి కనుక, వైద్య గ్రంథాల్లో మన జబ్బుకు నెల్లూరు పేరే కనిపిస్తుంది.

మాది పొదిలి వైపు మెట్ట పల్లె. అరుగు మీద కూర్చున్న మా పెదతాతను పక్కనుంచి ఎవరైనా పలకరిస్తే, మెడ తిరగక, రెండు చేతులూ ఆనించి నడుముతో సహా మనిషి మొత్తం అటు తిరిగాకే బదులు పలికేవారు. ఇంట్లో అందరూ దాన్ని వాతం అనేవారు. ఫ్లోరైడ్ ఏళ్ళ తరబడి ఎముకల్లో పేరుకున్న కొద్దీ వాటిని పట్టి ఉంచే నరాల్లాంటి కట్లు కూడా గట్టిపడి, వెన్నెముక వెదురుబొంగులా వంగకుండా పోతుంది. ఎక్స్‌రేలో బయటపడేది ఇదే. పళ్ళ సంగతి వేరు. పళ్ళ మీది పింగాణీ పొర చిన్నతనంలోనే తయారవుతుంది కాబట్టి, ఇక్కడ పుట్టిన మాకందరికీ గారపళ్ళు ఉండగా, ఒంగోలు దిగువ పల్లెల నుంచి కోడళ్ళుగా వచ్చినవారి పళ్ళు తెల్లగానే ఉండేవి, కీళ్ళు మాత్రం నడివయసులో పట్టేసేవి. జబ్బు వంశానిది కాదు, బావిదని చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి సాక్ష్యం కనిపించదు.

ఆ బావిని పట్టుకోవడమే కష్టం. ఫ్లోరైడ్‌కు రుచి లేదు, రంగు లేదు. నల్లరాతి నేలల్లో సున్నం తక్కువగా, సోడా గుణం ఎక్కువగా ఉన్న నీటిలోనే అది ఎక్కువగా కరుగుతుంది. కందిపప్పు తొందరగా ఉడికేది కూడా అలాంటి నీళ్ళలోనే. అందుకే మా ఆడవాళ్ళు మెచ్చుకుని, దూరమైనా వెళ్ళి తెచ్చుకున్న నీళ్ళే కొన్నిసార్లు హాని చేసేవి. రోగిని చూసి మందు రాసి ఊరుకోకుండా అతను తాగే నీటిని పరీక్షకు పెట్టడమే షార్ట్ బృందం చేసిన అసలు పని అని నా అభిప్రాయం. ముదిరిన ఎముకల జబ్బును వెనక్కి తిప్పే మందు నేటికీ లేదు.

షార్ట్ కాలా అజార్ అనే జ్వరం, మలేరియాల పరిశోధనల్లోనూ పేరు పొంది, 1987లో నూరేళ్ళ వయసులో మరణించారు.

ఇక మీ ఇంటి నీటి సంగతి. కాచితే ఫ్లోరైడ్ పోదు సరికదా, నీరు ఇగిరిన కొద్దీ చిక్కబడుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలలో బోరు నీటిని పరీక్ష చేయించి, ఎక్కువగా తేలితే తాగడానికీ వంటకీ నాగార్జునసాగర్ నీళ్ళో, ఆర్వో నీళ్ళో వాడి, బోరు నీటిని స్నానానికీ బట్టలకీ ఉంచుకోండి.